నల్ల సీసా, డీఏపీ మూట

8 సెప్టెంబర్ 2025, సోమవారం

బరువు 74. దొర్నిపాడులో మా వ్యవసాయ ఆఫీసు మెట్లు ఎక్కేసరికే ఆయాసం. అయినా నంద్యాల ఉద్యోగుల ఆటల పోటీల్లో ఎనిమిది వందల మీటర్లకు పేరిచ్చాను. పోయినేడు సగంలో కూర్చుండిపోయాను. అందరూ చూశారు. డిగ్రీలో కప్పు తెచ్చినదాన్ని! ఈసారి గీత దాటాలి, అంతే.

11 సెప్టెంబర్

నాయనతో మళ్లీ గొడవ. మా చేను మట్టి పరీక్ష రిపోర్టు చూపించాను. భాస్వరం 'హై'. ఈసారి శనగకు భాస్వరం ఎరువు డీఏపీ వద్దు, ఎక్కువైతే పైరుకు జింకు అందదు అన్నాను. నీ కాయితం జూసి సేద్యం జేస్తే అయినట్టే, ఎకరాకు మూట పడాల్సిందే అన్నాడు. మండలమంతా నా మాట వింటుంది, ఇంట్లో మా నాయన జకరయ్య వినడు. ఒళ్లు మండింది. ఫ్రిజ్‌లోని జీరో షుగర్ నల్ల కూల్‌డ్రింక్ లీటరూ తాగేశాను.

14 సెప్టెంబర్, ఆదివారం

ఆరాధన అయ్యాక ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలలో నా స్నేహితురాలు రమ్య దగ్గరికి పోయాను. అది న్యూట్రిషన్ లెక్చరర్. ఏమేం తింటాండావే అని అడిగింది. పొద్దున ప్యాకెట్ సాసేజీలు, చీజ్ స్లైసులు (ప్రోటీన్ కదా!), రోజూ ఆ నల్ల సీసా. లేబుళ్ల మీద 338, 450, 452 చూపించింది. అన్నీ ఫాస్ఫేట్లేనట, అంటే భాస్వరమే. ఎలుకలకు ఎక్కువ పెడితే పరుగు తగ్గిందట, కొవ్వు సరిగా కరగలేదట. మనుషుల్లో ఇంకా తేలలేదట. మానితే నీదేం పోతాది అంది.

ఛీ! భాస్వరం ఎక్కువేశారని ఊరందరినీ తిట్టేది నేనే.

అదే రోజు, సాయంత్రం 7

నోరు ఊరుకోదు కదా, నాయనకు చెప్పేశాను. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నీ ఒంట్లో నువ్వు తగ్గించుకొని గీత దాటు, నా చేన్లో నేను తగ్గిస్తా అన్నాడు. ఒట్టా అంటే, ఒట్టెందుకు, మాటంటే మాటే అన్నాడు.

ఇప్పుడు మూడెకరాల శనగ నా కాళ్ల మీద ఉంది.

19 సెప్టెంబర్

తలనొప్పి. సీసా గుర్తొస్తోంది. మజ్జిగ తాగాను.

5 అక్టోబర్, ఆదివారం

72! ప్యాకెట్లు మానేశాక జొన్నరొట్టె, గోంగూర పప్పు నేనే చేసుకుంటున్నాను. ఫాస్ఫేట్ తగ్గినందుకా, రోజూ పరిగెత్తుతున్నందుకా అని రమ్యను అడిగాను. పరుగు వల్లేనేమోలేవే అంది. ఏదైతే నాకేం, హాయిగా ఉంది. నాయన కూడా గ్రౌండ్‌కొచ్చి ఫోన్లో టైము చూస్తున్నాడు. నేను ఓడితే ఆయన మాటే నెగ్గుతుంది. అయినా కాలు లేపమ్మా అని అరుస్తాడు. పిచ్చి నాయన.

26 అక్టోబర్

తొమ్మిది మందిలో ఏడోదాన్ని. రెండో రౌండులో ఊపిరందక కూర్చోబోయాను. లూదీ, ఉరుకు మే, మూడెకరాలు అని నాయన నన్ను కేకేశాడు. గీత దాటాను. ఏడ్చాను కూడా. నాయన నిమ్మసోడా తాగించాడు.

7 నవంబర్

శనగ విత్తాం. డీఏపీ వేయలేదు. గట్టు వార రెండు సాళ్లకు మాత్రం నాయన గుప్పెడు చల్లాడు, నేను చూడలేదనుకుని.

నిన్న నేనూ ఒక చిన్న నల్ల సీసా తాగాను, ఆయన చూడలేదనుకుని.

మధ్యాహ్నం చేన్లోకి నాయన నీళ్లు తెచ్చింది నేను పారేసిన ఆ సీసాలోనే.