నేను వచ్చేదాకా వెల్డింగ్ మొదలుపెట్టకండి

ఏమండీ,

పాపకి టీకా వేయించడానికి ఆసుపత్రికి వెళ్తున్నాను. రెండు గంటల్లో వచ్చేస్తాను. అన్నం మూతపెట్టి ఉంచాను, ముందు తినండి.

వ్యాను మీద క్యారియర్‌కి వెల్డింగ్ మాత్రం నేను వచ్చాకే. ఈలోగా బ్యాటరీ వైర్లు ఊడదీయండి, అతికించే చోట రంగు గీకేయండి. లోపల పైకప్పు గుడ్డ నేను పొద్దున్నే పీకేశాను. సీట్లు మీరే దింపాలి, నా వల్ల కాలేదు. ఇసుక బకెట్టూ తడి గోనెపట్టా వ్యాను తలుపు దగ్గరే ఉన్నాయి.

నా కంగారు చూసి మీకు నవ్వొస్తుంది, తెలుసు. పోయినసారి మీరు మాస్కు పెట్టుకుని పైన వెల్డింగ్ చేస్తుంటే కింద సీటు అంటుకుంది. బట్టలు ఆరేద్దామని నేను బయటికొచ్చి, పొగ చూసి అరిచాను కాబట్టి సరిపోయింది. లోపల కూర్చుని రవ్వలు చూసే మనిషి ఒకరు ఉండాల్సిందే. మామయ్యగారిని కూర్చోబెట్టకండి, ఆయన కూర్చుంటే చాలు కునుకే.

ఏడో తరగతితో బడి మానేసినదానివి, నీకేం తెలుసంటారు. మాస్కులో ఉన్నవాళ్లకి కింద మంట కనపడదని తెలియడానికి చదువెందుకండీ?

రేపు పొద్దున్నే నిచ్చెనలు ఎక్కించుకుని పనికి వెళ్లాలని మీ తొందర. వెలుగుండగానే ఇద్దరం కలిసి పూర్తి చేద్దాం.

అన్నట్టు, వెల్డింగ్ రాడ్ల కోసం ఇల్లంతా వెతక్కండి. పాప సంచిలో పెట్టుకుని వెళ్తున్నాను. సగం బయటికి పొడుచుకొచ్చాయి, ఆసుపత్రిలో ఎవరైనా నవ్వితే నవ్వుకోనీండి.