బుల్లియ్య నెత్తిన నీళ్ళు

జూలై 9, బుధవారం

ఎవరి పాపాలు వాళ్ళు రోజూ రాసుకోండి, తొలినాళ్ళలో ఎడారిలో బతికిన క్రైస్తవ సన్యాసులు అలాగే చేసేవారు అని పాస్టరు విజయ్ పాల్ గారు బైబిల్ స్టడీలో చెప్పారు. కుర్రాడు. మీసమైనా సరిగ్గా రాలేదు. అయినా అయ్యగారు అయ్యగారే కదా అని మనవరాలు అశ్విని దగ్గర ఈ డైరీ పుచ్చుకుని కూర్చున్నాను. సంఘపెద్దనే గానీ నేను చదివింది రెండో తరగతి. చాలాసేపు ఆలోచించాను. నా వైపు నుంచి రాయాల్సిందేమీ కనపడలేదు.

అందుకని మా బావమరిది బుల్లియ్యవి రాస్తాను. వాడికి బోలెడున్నాయి.

జూలై 10

బుల్లియ్య సిద్ధాంతం ఊళ్ళో గోదారి వంతెన దగ్గర రోడ్డు పక్కన చేపలమ్ముతాడు. సముద్రంలో ఉండే ఇలస వరద ఎర్రనీటికి ఎదురీది గోదాట్లోకి వస్తేనే పులస. ఇది చిన్నపిల్లలకీ తెలుసు. వీడు కాకినాడ హార్బరు నుంచి ఐసు పెట్టెల్లో ఇలస తెప్పిస్తాడు. గోదావరి ఎర్రనీళ్ళ తొట్టిలో ఓసారి ముంచి తీస్తాడు. కార్లలో వచ్చేవాళ్ళకి పులస అని అంటగడతాడు.

పైగా వాడికి బాప్తిస్మం లేదు. వాళ్ళది బాప్టిస్టు ఇల్లు. మా లూథరన్లలా పసిబిడ్డకి నెత్తిన నీళ్ళు పొయ్యరు, పెద్దయ్యాక ముంచుతారు. వీడు ముసలాడయ్యాడు గానీ ఇంకా పెద్దవాడు కాలేదు. గుండెలో స్టెంట్లు కూడా పడ్డాయి. వీడి అక్క, అంటే మా ఆవిడ సంపూర్ణమ్మ, నా తమ్ముడు ఇలాగే పోతే పైన నాకు కనపడడేమోనండీ అని కళ్ళొత్తుకుంటుంది. పులసల సీజన్ అవ్వనీ అక్కా, మునుగుతాలే అంటాడు వీడు. ప్రతి ఏడూ ఇదే మాట.

జూలై 16, బుధవారం

ఇవాళ బైబిల్ స్టడీకి బుల్లియ్య కూడా వచ్చాడు. ఎందుకొచ్చాడా అని ఓ కన్ను వేసి ఉంచాను.

పాపం గురించి పాతకాలం వాళ్ళు ఏమనుకునేవారో అయ్యగారు చెప్పారు. బాప్తిస్మంతో అప్పటిదాకా చేసినవన్నీ కడుక్కుపోతాయట. ఆ తర్వాత పెద్ద పాపం చేస్తే ఇంక ఒక్కటే ఛాన్సట. అదీ చర్చి గుమ్మం దగ్గర అందరి ముందూ గోనె కట్టుకుని ఏడవాలట. ఆ భయంతో చాలామంది చావు దగ్గరపడే దాకా బాప్తిస్మం వాయిదా వేసేవారట.

బుల్లియ్య తొడ చరిచాడు. చూశావా బావా, నాదే అసలైన పాత పద్ధతి, మీరే తొందరపడ్డారు అన్నాడు.

అయ్యగారు నవ్వలేదు. ఆ రోజుల్లో కూడా బోధకులు తిట్టేవారండీ, ఆఖరి ఘడియలో నోరు పెగులుతుందని మీకెవరు మాటిచ్చారని అడిగేవారు అన్నారు. మా బావ ఉన్నాడు కదండీ, పోసేస్తాడు అన్నాడు వీడు. ప్రాణం మీదికొస్తే విశ్వాసి ఎవరైనా పోయొచ్చు అని ఒప్పుకున్నారు అయ్యగారు. నీళ్ళుండాలి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురి పేర్లూ పలకాలి. అయితే ఒక్కసారే. మళ్ళీ పోస్తే మొదటిదాన్ని తుడిచేసినట్టు, అది పాపం అన్నారు.

ఆడవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు. వీడు నా చేత్తో దేవుణ్ణి మోసం చేయిద్దామని చూస్తున్నాడు.

జూలై 17

నాకు నెలబిడ్డప్పుడే పోసేశారు. అప్పటికి నేను చేసిన పాపమేంటని అయ్యగారిని అడిగాను. ఆదాము నుంచి వచ్చిందండీ అన్నారు. ఆదాము పండు తింటే పళ్ళు పులిసేది నాకా?

అప్పటి నుంచీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికాను. వీడేమో సరదాగా బతికి చివర్లో నాకన్నా తెల్లగా పోతాడట.

జూలై 22

వాడి కొట్టు ఎదురుగా టీ బడ్డీలో కూర్చుని కనిపెట్టాను. హైదరాబాదు కారావిడ పులసేనా అని అడిగింది. గోదారి తల్లి సాక్షండీ, పొద్దున్నే వల్లో పడింది, ఇంకా కళ్ళు మూయలేదు చూడండి అన్నాడు. నన్ను చూసి టీ పంపించాడు.

టీ తాగాను.

జూలై 29

బుల్లియ్య రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు, మళ్ళీ లేచాడు. నటనేమో.

ఆగస్టు 2



బుల్లియ్య చేప కోస్తూ కోస్తూ పక్కకి ఒరిగిపోయాడు. వేషాలు చాలు లేవరా అన్నాను. పెదాలు నల్లబడ్డాయి. ఎవరో 108కి ఫోన్ చేశారు. చుట్టూ చూశాను. దగ్గరలో నీళ్ళంటే ఆ చేపల తొట్టిలో నీళ్ళే. సంపూర్ణమ్మ మొహం గుర్తొచ్చింది. దోసిలితో ముంచి వాడి నెత్తిన పోసేశాను. నుదుటి మీద పొలుసొకటి అంటుకుంది. తుడవలేదు.

ఆగస్టు 4

బతికాడు.

తణుకు ఆసుపత్రిలో సంపూర్ణమ్మ నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. పెళ్ళినాడు కూడా అలా చెయ్యలేదు. బుల్లియ్య సంగతంతా విన్నాడు. ఎంత పని చేశావు బావా, సీజన్ ఇంకా సగముంది అన్నాడు.

ఆగస్టు 10, ఆదివారం

ఆరాధనలో అయ్యగారు నన్ను ముందుకి పిలిచారు. ఆశీర్వాదం గారు బుల్లియ్య గారికి బాప్తిస్మం ఇచ్చారు అని చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత పక్కకి తీసుకెళ్ళి, ముగ్గురి పేర్లూ పలికారు కదండీ అన్నారు. పలికానండీ అన్నాను. సంఘపెద్దని అలా అడుగుతారా?

ఆగస్టు 11

పలికానా?

ఆగస్టు 13

తండ్రి అన్నాను. కుమారుడు అన్నాను. అప్పుడే 108 కూసుకుంటూ వచ్చింది. తొట్టి అడ్డం తియ్యి తాతా అని ఎవడో అరిచాడు. ఎవడ్రా తాత అని వాడి మీదికి తిరిగాను. మూడో పేరు బయటికి వచ్చిందో, నోట్లోనే ఉండిపోయిందో!

ఊళ్ళో అందరి నోళ్ళనీ అనుమానించాను. నా నోటిని అనుమానించాల్సి వస్తుందనుకోలేదు.

ఆగస్టు 20

బుల్లియ్య మళ్ళీ కొట్టు తెరిచాడు. తొట్టి తీసేశాడు. ఇలసండీ, సముద్రపుదండీ అని చెప్పి మరీ అమ్ముతున్నాడు. ఒకాయన, పులస వెనకాల దాచుకుని మాకిది చూపిస్తావేంటయ్యా అని తిట్టి పోయాడు. బుల్లియ్య నా వైపు తిరిగాడు. ఒక్క ఛాన్సే కదా బావా మిగిలింది, చేపకోసం పోగొట్టుకుంటానా అన్నాడు. నువ్వు కడిగిన మనిషిని బావా నేను అన్నాడు.

టీ పంపించాడు. తిప్పి పంపాను.

వాడికి చెబితే మళ్ళీ సీజన్ అవ్వనీ అంటాడు. వాడి గుండె సీజన్ అయ్యేదాకా ఆగదు. అయ్యగారికి చెబితే సంఘపెద్ద అబద్ధమాడాడంటారు. సంపూర్ణమ్మకి చెప్పలేను. ఆవిడిప్పుడు రాత్రిళ్ళు హాయిగా నిద్రపోతోంది.

మళ్ళీ పొయ్యొచ్చు. మొదటిది సరిగ్గానే పడి ఉంటే మాత్రం అది పాపం.

ఆగస్టు 22

పాపమైతే నాకు. వాడికి కాదు.

ఆగస్టు 23, మధ్యాహ్నం

కొట్టు వెనక బుల్లియ్య కునుకు తీస్తున్నాడు. చెంబుతో పోశాను. నా చెవికి వినపడేలా ఒక్కో పేరూ ఆగి పలికాను. మూడోది రెండుసార్లు.

ఉలిక్కిపడి లేచి ఏంటి బావా ఇది అన్నాడు. ఎండ మండిపోతోంది కదరా, చల్లగా ఉంటుందని అన్నాను.

పొద్దుటి నుంచీ ముసురు పట్టి ఉంది.