పదిహేడు నిమిషాలు

చెల్లాయికి, నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు.

తలకు దెబ్బ తగిలి మాట పోయినవాళ్లచేత మళ్లీ మాట్లాడించడం విద్యార్థులకు నేర్పుతున్నానుగా. డాక్టర్లు రోగి నోరు నొక్కేస్తారని రోజూ క్లాసులో అరుస్తాను. నిన్న అలా మాట పోయిన ఒక తాపీమేస్త్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేసి చూపించాను. ఎవరు ఎంతసేపు మాట్లాడారో ఒక విద్యార్థిని గడియారం పెట్టి రాసింది. ఇరవై నిమిషాల్లో పదిహేడు నావే. లెక్క తప్పంటూ ఆ పిల్లతో వాదనకు దిగాను. మేస్త్రి చెయ్యెత్తి, కూడబలుక్కుని, "సారు... మంచోడే. ఆగడు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మొన్న వేసవిలో నువ్వు "అన్నయ్యా, మా ఆయన విషయం..." అని మొదలుపెట్టావు. మిగతాదంతా నేనే మాట్లాడాను. విడాకులే న్యాయమని తేల్చేసి, లాయరుకూ చెప్పేశాను. స్త్రీల హక్కుల మీద పేజీలకు పేజీలు రాసేవాణ్ణి, సొంత చెల్లెలి మాట ఒక్కటి పూర్తిగా వినలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

లాయరును ఆగమన్నాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? నా పాత కళ్లజోడు అలమారలో ఉంటే పంపించు. దీనితో జవాబు కార్డు జతచేశాను. ఆ రోజు చెప్పబోయింది రాయి. ఏదైనా సరే, వాదించను, చివరిదాకా చదువుతాను. నీకూ పాపకూ ఆశీస్సులు.

అన్నయ్య