ఓయిదే అంటే వచ్చే దూడ

1935, కార్తిగై 9

జపాను భాష మొదటి పాఠం అయింది. తూత్తుకుడి నుంచి రైల్లో గొణుక్కుంటూనే వచ్చాను — మిజు, మిజు... నీళ్ళు. ఎదురుగా కూర్చున్న ముసలామె తన చెంబు అందించలేదు సరికదా, నాకు పిచ్చనుకుని మూట చంకన పెట్టుకుని అవతలి బల్ల మీదికి పోయింది.

తెలుగులో రాసుకోవడమే మేలు. అరవదేశమైనా ఈ కోవిల్‌పట్టి వీధిలో ఇంటింటా తెలుగే, చదవడం మాత్రం ఎవరికీ రాదు. తాత ఇసుకలో దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చాయి. రెంగమ్మకు ఈ పేజీ చీమల బారు. పెళ్ళాం చదవలేని డైరీ ఉన్న మొగుడు అదృష్టవంతుడు.

కార్తిగై 10

మా పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ ముదలాళి, అదే యజమాని, మాట: నాలుగు నెలల్లో, పంగునిలో, జపాను దొర పత్తి కొనడానికి వస్తాడు, అతని భాష వచ్చినవాడికి దుబాసీ ఉద్యోగం. తూకం గుమస్తాగా ఎన్నాళ్ళని దుమ్ము మింగను?

పిల్లనిచ్చిన మామ మాట: పంగుని దాటేలోగా ఆ ఉద్యోగం రాకపోతే తట్టాబుట్టా సర్దుకుని పుదూరుకు, తన సేద్యంలోకి. "మాప్పిళ్ళై, కరిసల్ కాడుకి జపాన్ బాస యేల? పార పట్టుకుంటే శాలు."

ఆ నల్లరేగడి చేలో పార నేను పట్టుకున్నాను, పోయినేడు. నా కాలి మీదే వేసుకున్నాను. ఆయన కూలివాళ్ళు ఇప్పటికీ నవ్వుతారట. అయినా సరేనన్నాను.

రెంగమ్మను అడిగాను, నువ్వు ఎవరి పక్షమని. వినిపించనట్టు జొన్నలు దంచుతోంది.

కార్తిగై 24

అనుమానం నిజమైంది. తూత్తుకుడిలో నాకు పాఠం చెప్పే అంతోణి అన్నన్ ఓడలో వంటవాడు. జపానులో కొబే రేవులో చాన్నాళ్ళు ఉన్నాడు — వంటింట్లోనే. ఉప్పు షియో, ఉల్లిపాయ తమనెగి, కారంగా ఉంటే కరాయి. పత్తిని ఏమంటారన్నా అంటే, వండలేదు తంబీ అన్నాడు.

గురుదక్షిణ, ఆయన గేదెకు ఒక గోనె పత్తి గింజలు. గేదె బాగా బలిసింది.

మార్గళి 2

నిన్న నేర్చింది ఇవాళ లేదు.

మార్గళి 11

జపానువాళ్ళూ మనలాగే క్రియను చివర పెడతారట. ఇంగ్లీషువాడిలా మధ్యలో దూర్చరు. గొప్ప ధైర్యం వచ్చింది. కొబేలో ఇల్లు, మేడ మీద గది, కిటికీలో రెంగమ్మ... ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మార్గళి 20

మామ దూడను పంపి వారమైంది. రెంగమ్మ పిడికిట్లో పత్తి గింజలు పట్టుకుని "ఓయిదే" అంటోంది. నేను వల్లిస్తుంటే విన్నదట. 'రా' అని అర్థం. నన్ను వెక్కిరించడానికే మొదలుపెట్టింది, దూడ మాత్రం నిజమనుకుంది. ఇప్పుడు వేరే పిలుపు పిలిస్తే చెవి కూడా ఆడించదు.

ఈ ఇంట్లో జపాను భాష అర్థమయ్యేది దానికొక్కదానికే.

తై 5

నాకు రాదు. ఒప్పుకుంటున్నాను. రాత్రి కంఠతా వచ్చింది పొద్దున పళ్ళు తోముకునేసరికి పోతుంది. దొర పత్తి గురించి అడుగుతాడు, నేను ఉల్లిపాయ అంటాను. భయంగా ఉంది. మానేస్తానని రెంగమ్మతో చెప్పేశాను.

ఆమె చేట దించలేదు. "యిత్తినోడు దినం దినం తోడి చూస్తే పత్తి యేడ మొలుస్తాది?"

ఏ పక్షమో ఈసారీ చెప్పలేదు.

తై 6

తూత్తుకుడి బండి ఎక్కాను. పత్తి గింజల గోనెతో.

మాసి 17

పలకరింపు ఒకటి తయారు. పత్తి బేళ్ళు తూస్తూ, దారిలో, పెరట్లో అదే. ముదలాళి నా పెదవులు చూసి, జపమా అన్నాడు. అవునన్నాను.

పంగుని 14

దొర వచ్చాడు. పొట్టివాడు, తెల్ల కోటు, చెమట. ముదలాళి నన్ను ముందుకు తోశాడు. చెప్పాను — ఒక్క అక్షరం పోకుండా. దొర ముఖం వెలిగి, గబగబా ఏదో అన్నాడు. తూము తెరిచినట్టు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తల ఊపాను.

తరవాత... రాయడానికే సిగ్గుగా ఉంది. మా బజారులో ధర నోటితో చెప్పరు. తుండుగుడ్డ కప్పి, దాని కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కుకుని బేరం తేలుస్తారు. చుట్టూ ఎందరున్నా ఒక్కడికీ తెలియదు. నేను పుట్టింది ఆ బజారులోనే, ఆ తుండు కిందే నా కూడు. నోరే లేని బేరానికి దుబాసీ ఎందుకని ఒక్కనాడూ తట్టలేదే నాకు.

దొరకు తట్టింది. ఎవరి దగ్గర నేర్చాడో, ముదలాళి భుజం మీది తుండు తానే లాగి కప్పాడు. కాసేపు వేళ్ళు ఆడాయి. ఇద్దరూ నవ్వారు. పత్తి అమ్ముడుపోయింది.

నేను కాటా పక్కన ఇంకో కాటాలా నిలబడి ఉన్నాను.

అదే రోజు, భోజనాలయ్యాక

ఇదీ రాయాలి. ముదలాళి ఇంట ఆకు వేశారు. దొర ఊరమిరపకాయను వంకాయ వేపుడు అనుకున్నట్టుంది, నిండుగా కొరికాడు. ముఖం కందిపోయింది, కళ్ళలో నీళ్ళు. నాడి చూడాలన్నారు ఒకరు, విసరండి అన్నారు ఇంకొకరు. "కరాయి... మిజు" అన్నాడు దొర, ఊపిరి అందక.

వచ్చు. ఈ రెండూ నాకు వచ్చు. చెంబు తీసుకుని పరుగెత్తాను. ఉప్పు, షియో, నాలిక మీద వేసుకోమన్నాను. పెరుగన్నం ఇప్పించి, కరాయి లేదు అని చెప్పాను. ఆయన నన్ను చూసి నవ్వుతూనే ఏడ్చాడు. అంతోణి అన్నన్ గేదె పది కాలాలు చల్లగా ఉండాలి.

పంగుని 17

దొర వెళ్ళిపోయాడు. పై ఏడు తాను వచ్చేటప్పుడు ఆ నీళ్ళ మనిషి పక్కన ఉండాలని సైగలతో చెప్పి వెళ్ళాడట. మరి ఉద్యోగం అన్నాను. ముదలాళి తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. పార్కలాం అన్నాడు. చూద్దాం.

ఇంకో ఏడు నేర్చుకుంటే పత్తి మాటలూ వస్తాయేమో. రావేమో.

పంగుని ఆఖరి రోజు

తెల్లారేసరికి వాకిట్లో పుదూరు బండి. మామ వచ్చాడు. మాట మాటే కదా మాప్పిళ్ళై అన్నాడు. కాదనలేకపోయాను. గిన్నెలు ఎక్కాయి, రోకలి ఎక్కింది, పరుపు ఎక్కింది.

మిగిలింది దూడ. బండి వెనక కట్టాలి. మామ 'దా, దా' అన్నాడు. అరవంలో పిలిచాడు. తిట్టాడు. తాడు పట్టి లాగాడు, బండివాడు వెనక నుంచి తోశాడు. అది నాలుగు కాళ్ళూ పాతేసి నిలబడింది.

"దీనికేమన్నా చెవుడా, రెంగమ్మా?"

"నువ్వు ఇచ్చిందే కదా, నాయనా," అంది. అని నా వైపు చూసింది.

దాన్ని కదిలించే మాట మా ఇద్దరికే తెలుసు. ఆమె అనలేదు.

నేనూ అనలేదు.

లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. ఎండెక్కుతోంది. మామ ఇంకా తాడు వదల్లేదు.