గీకేసిన లేబులు

పరవాడ మందుల కంపెనీ స్టోర్స్ మేనేజరు గారికి,

నిన్న ఉదయం ఆరింటికి చేపలమ్మే పోలమ్మ భర్త ఆసుపత్రిలో చనిపోయాడు. పోలమ్మ ఇంకా బతికే ఉంది. ఇద్దరూ తాగిన నీళ్లు నా దగ్గర కొన్న నీలం డ్రమ్ములోవి. ఆ డ్రమ్ము మీ కంపెనీది.

వన్‌టౌన్‌లో నాది పాత డ్రమ్ముల కొట్టు. మీ ఖాళీ డ్రమ్ములు కొని, లేబుళ్లు గీకి, సర్ఫుతో కడిగి అమ్ముతాను. లేబులుంటే ఎవరూ కొనరు. పోలమ్మ కూడా, "ఆ పుర్రె బొమ్మ నాకేటికి భాయ్? నీ బుర్రలాగ నున్నగా గీకీసి ఇయ్యి," అని నవ్వింది. నేను గీకేశాను.

అందులో ఏముండేదో తెలిస్తేనే సరైన మందు ఇవ్వగలనని డాక్టరు అంటున్నారు. లేబులు నేను చదవలేదు. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ చదవలేదు. డ్రమ్ము అడుగున 4417 అనే నంబరు మాత్రం మిగిలింది. దయచేసి మీ రిజిస్టరులో చూసి ఆ రసాయనం పేరు చెప్పండి.

నా ఫోను మీరు ఎత్తడం లేదు. నిన్న గేటుకి వస్తే, "మా డ్రమ్ములు బయటికెల్లవని సెప్పమన్నారు భాయ్, ఎల్లిపో," అన్నాడు వాచ్‌మన్. నేను కేసు వేయను. తప్పు నాదేనని రాసి సంతకం పెడతాను. వ్యర్థాలను తిరిగి వాడి నగరానికి మేలు చేస్తున్నానని మీరిచ్చిన సర్టిఫికెట్టు కూడా వెనక్కి ఇచ్చేస్తాను.

రేపు ఉదయం ఏడింటికి మీ లారీ మరో నలభై డ్రమ్ములతో నా కొట్టుకి వస్తుంది. ఆ పేరు చీటీ మీద రాసి డ్రైవరుకిచ్చినా చాలు. డాక్టరు ఎనిమిదింటికి వస్తారు.