అమ్మ చూడబోయే శిఖరం

తమ్ముడు మద్దిలేటికి అన్న దీవెనలు. డోన్‌లో మీరంతా క్షేమమని తలుస్తాను.

అమ్మ ఈ ఉగాదికి శ్రీశైలం నడిచే పోతానంటోంది. జొన్నరొట్టెలు ఎండబెట్టి మూట కట్టేసింది. అడవిలో మూడు రోజుల దారి, ఆపైన కొండమెట్లు. ఆమెకు ఎనభై, నాకు అరవై. తిరిగి వస్తుందన్న ఆశ లేదు. వద్దంటే, "శిఖరం చూస్తే మళ్లీ పుట్టే పని లేదప్పా. నీకు కాళ్లనొప్పులైతే ఈడే ఉండు" అని నవ్వింది.

అమ్మకు రెండు కళ్లూ పోయాయి, మద్దిలేటీ. కార్తీకం నుంచి గొంతును బట్టే నన్ను పోల్చుకుంటోంది. మాకు తెలియదనుకుని దాస్తోంది. నేనూ తెలియనట్టే ఉన్నాను.

సెలవు పెట్టి రా. మోయడానికి కాదు, చెయ్యి పట్టి నేనే నడిపిస్తాను. శిఖరం కనబడే చోట నేను "అదిగోమ్మా" అనాలి. ఆమె "చూసినాలేప్పా" అంటుంది. ఆ మాట ఒక్కడినే వినలేను.

మీ అన్న