పైపుల పట్టీ

తాండూరు, గురువారం, 1961

భుజానికి కట్టుకుని ఇనుప పైపులు మోసే తోలుపట్టీని తయారు చేసింది నేను. దానికి పేటెంటు కావాలని తన పేర దరఖాస్తు పెట్టుకున్నది మాత్రం నేను పనిచేసే కంట్రాక్టరు నర్సింలు. ఇవాళ వికారాబాద్ వెళ్లి వకీలును కలిశాను.

"దరఖాస్తుకు ముందే గా పట్టీని నలుగురు చూసిన్రా?" అని అడిగాడు.

చూడకేం. మొన్న దసరా ఆయుధపూజలో నర్సింలే దానికి పసుపు కుంకుమ పెట్టి, ఒక కూలీకి కట్టించి, బజారంతా చూస్తుండగా పైపు ఎత్తించి మురిసిపోయాడు. పక్కనుండి బకిల్ బిగించింది నేనే.

"గట్లయితే అది కొత్తది కింద లెక్కకు రాదు, ఆయనకు పేటెంటు రాదు. కానీ నీకు గూడ రాదు. జర సోంచాయించు."

ఆలోచించేదేముంది, నర్సింలు దరఖాస్తు మీద అభ్యంతరం వేయమన్నాను. ఇంటికొచ్చి పట్టీని చేతిలోకి తీసుకుని బకిల్ తుడిచాను. ఇక దాన్ని ఎవరైనా కుట్టుకోవచ్చు.

కుట్టుకోనీ. నర్సింలుకు పోటీగా టెండర్లు వేసేవాడికి మొదటిది నేనే కుట్టి ఇస్తాను.